పటాలం తాత పింఛను

పటాలంలో పనిచేసి వచ్చినవారి ఇంట ఒక నల్ల ఇనుప ట్రంకుపెట్టె ఉండేది. మూత మీద తెల్లరంగుతో నంబరూ పేరూ. లోపల పతకాలు ఉండవచ్చును, ఉండకపోవచ్చును. డిశ్చార్జి పుస్తకం మాత్రం భద్రంగా ఉండేది. పెద్దాయన కన్నుమూసిన పదకొండు రోజులు గడవగానే ఇంటివారు వెదికేది పతకాలను కాదు, ఆ పుస్తకాన్నీ పింఛను ఉత్తర్వునూ. భార్య అన్న చోట ఎవరి పేరు వ్రాసి ఉన్నది? కొన్ని ఇండ్లలో ఈ ప్రశ్నకు జవాబు అందరికీ తెలిసినదే. మరికొన్ని ఇండ్లలో ఆ ఒక్క పేరు కోసం ఇద్దరు స్త్రీలు గడప ఎక్కుతారు.

గోదావరి మండలాలకు సైన్యం కొత్త కాదు. తాడేపల్లిగూడెం దాపున ఉన్న మాధవరాన్ని జనం "మిలిటరీ మాధవరం" అనే పిలుస్తారు. రెండు ప్రపంచ యుద్ధాలకూ మనుష్యులను పంపిన ఊరది. అటువంటి ఊళ్ల వీరగాథలు వ్రాసినవారు ఉన్నారు. సెలవు దొరికినప్పుడు మాత్రమే ఇంటి మొగం చూసే మగనితో కాపురం ఎట్లా సాగినదో వ్రాసినవారు తక్కువ. అది ఉత్తరాల మీదా మనియార్డర్ల మీదా నడిచిన కాపురం. ఆ మనియార్డరు మామగారి పేర వచ్చినదా, కోడలి పేర వచ్చినదా అన్న దానిలోనే సగం కథ ఉన్నది.

ఒక మాట ఇక్కడే చెప్పవలసి ఉన్నది. రెండవ ప్రపంచ యుద్ధంలో చేరి, యుద్ధం ముగియగానే ఇంటికి పంపబడిన లక్షలాది సిపాయిలకు పింఛనుకు చాలినన్ని ఏండ్లు నిండనే లేదు. నేటికీ సామాన్య సిపాయికి పదిహేనేండ్ల సర్వీసు ఉంటేనే సర్వీసు పింఛను. కనుక ఈ తగాదా పుట్టిన ఇల్లు ఒక విధంగా అదృష్టవంతుల ఇల్లే!

ఒక సిపాయిని ఊహించుకొందాం. 1948లో పటాలంలో చేరినాడు. 1950లో కోనసీమలో పెండ్లాడినాడు. కాపురం పొసగలేదు. భార్య పుట్టింటికి చేరినది. కులపెద్దలు రావిచెట్టు క్రింద కూర్చుండి తెగతెంపులు చేసినారు. కాగితం లేదు, తాంబూలం ఉన్నది, సాక్షులు ఉన్నారు. పింఛను పుచ్చుకొని వచ్చిన తరువాత అతడు రాజమహేంద్రవరంలో మరొక ఆమెతో ఇల్లు పెట్టినాడు. ఆమె అతనికి వండిపెట్టినది, జబ్బు చేస్తే ఆసుపత్రికి మోసినది, పిల్లలను కన్నది. ముప్పై ఏండ్ల తరువాత అతడు పోయినాడు. ఇప్పుడు జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం వరండాలో ఇద్దరు ముసలమ్మలు, చెరొక బల్ల మీద కూర్చున్నారు.

చట్టం ఏమంటుంది? ఆ సిపాయి పెండ్లి నాటికి గోదావరి జిల్లాలు మద్రాసు రాష్ట్రంలో ఉండేవి. అక్కడ 1949లోనే హిందువులకు రెండవ పెండ్లిని నిషేధించినారు. 1955 నాటి హిందూ వివాహ చట్టం దేశమంతటా అదే మాట చెప్పినది. కాని ఆ చట్టమే కులాచారం చొప్పున జరిగిన విడాకులను త్రోసిపుచ్చలేదు. అయితే ఆచారం ఉన్నదని రుజువు చేయవలె. రావిచెట్టు ఉన్నది సరే, ఆ పెద్దలు ఏరీ? తెగతెంపులు రుజువైతే రెండవ ఆమె భార్య. కాకపోతే ముప్పై ఏండ్లు సేవ చేసినా ఆమె ఆ ఇంట ఎవరూ కాదు.

పెద్దాయన బ్రతికి ఉండగానే ముందుచూపుతో వీలునామా వ్రాసి పెట్టినాడనుకొందాం. అదీ నిలవదు. 1964లో అమలుకు వచ్చిన కుటుంబ పింఛను మృతుని ఆస్తి కాదు, వితంతువు అన్న హోదాను బట్టి వచ్చేది అని సుప్రీంకోర్టు 1980లో జోధ్‌సింగ్ వ్యాజ్యంలో చెప్పినది. ఒక రైల్వే ఉద్యోగి భార్యను తప్పించి సోదరుని పేర వీలునామా వ్రాస్తే, 1991లో వయలెట్ ఐజాక్ వ్యాజ్యంలో అదే మాట మళ్లీ చెప్పినది. మనసులో ఎవరున్నారన్నది ధర్మాసనానికి పట్టదు. ఇది కఠినమే. కాని ఈ కాఠిన్యం లేకపోతే మొదట నష్టపోయేది ఎవరు? ఇరవై ఏండ్ల వయసులో పుట్టింటి పెరట్లోకి తిరిగి వచ్చి, అన్నదమ్ముల భార్యల మాటలు పడుతూ, మరొక మనువు లేక ముసలిదైన ఆమె. నా ఓటు ఆమెకే.

పిల్లల సంగతి వేరు. 2000లో రామేశ్వరీదేవి వ్యాజ్యంలో సుప్రీంకోర్టు, చెల్లని పెండ్లి వలన పుట్టిన పిల్లలకు మైనారిటీ తీరేదాకా కుటుంబ పింఛనులో పాలు ఉన్నదన్నది. వారి తల్లికి లేదన్నది.

మరి మగడు బ్రతికి ఉండగా విడిచిపెట్టబడిన ఆమె గతి? అతడు సర్వీసులో ఉన్నన్నాళ్లు నయమే. భార్యాబిడ్డల పోషణకు జీతంలో కోత విధించే అధికారం 1950 నాటి సైనిక చట్టంలో ఉన్నది. పింఛను మొదలైతే 1871 నాటి పింఛన్ల చట్టం కోటగోడ వలె అడ్డు నిలుస్తుంది: అప్పులవాడు దానిని జప్తు చేయరాదు. సారా కొట్టువాని చేతికి ముసలి సిపాయి చిక్కకుండా అది కాపాడినది, మంచిదే. కాని మనోవర్తి డిక్రీ చేతబట్టిన భార్య కూడా అప్పులవాడేనా? కాదని, మనోవర్తికి పింఛనును జప్తు చేయవచ్చునని బొంబాయి హైకోర్టు చెప్పేసరికి చాలా కాలం పట్టినది. అమెరికాలో అంతర్యుద్ధ సైనికుడు భార్యను విడిచి వెళ్లితే అతని పింఛనులో సగం ఆమెకే ఇప్పించే చట్టం 1899లోనే వచ్చినది.

ఆ అమెరికాలోనే మరొక కథ. మిసోరీ రాష్ట్రంలో 1936లో, 93 ఏండ్ల జేమ్స్ బోలిన్ అనే ఆ యుద్ధపు సైనికుడు, తనకు ఇంటి పనిలో సాయపడిన 17 ఏండ్ల హెలెన్ జాక్సన్‌ను పెండ్లాడినాడు, తన తరువాత పింఛనైనా ఆమెకు దక్కుతుందని. అతడు పోయిన తరువాత అతని కూతురు, పింఛను అడిగితే నీ పరువు తీస్తానని బెదిరించినది. హెలెన్ అడగలేదు. మళ్లీ పెండ్లాడలేదు. 2020 డిసెంబరులో, 101వ ఏట, ఒక్క డాలరైనా పుచ్చుకోకుండానే పోయినది. కాగితం ఉండీ పుచ్చుకోలేని ఇటువంటి వితంతువులు మన లంకల్లో లేరనగలమా?

మన ఇండ్లలో ఇంకొక చిక్కు ఉన్నది. పుట్టింట ఒక పేరు, అత్తింట ఒక పేరు పెట్టడం మనకు అలవాటు. అత్తగారి పేరే కోడలికీ ఉంటే ఆమెను ఆ పేరుతో పిలవరు గదా! పెండ్లి సంగతి ఉత్తర్వుల్లోకి ఎక్కిన నాడు ఏ పేరు చెప్పినాడో సిపాయికే గుర్తుండదు. నీలగిరుల్లో వెల్లింగ్టనులో మద్రాసు రెజిమెంటు రికార్డు ఆఫీసు గుమాస్తాకు తాంబూలమూ తెలియదు, రావిచెట్టూ తెలియదు. ఆయన ముందున్నవి రెండు పేర్లు; అవి ఇద్దరు స్త్రీలవో ఒక్కతెవో తేల్చుకొమ్మని జాబు వ్రాస్తాడు. ఆ జాబు చదివి చెప్పించుకోవడానికి ముసలమ్మ మనుమడి కోసం ఎదురుచూస్తుంది.