వెనుకకు అందించి ముందుకు సాగు ఆట

మంజీరానదికి 1923-31 సంవత్సరముల నడుమ ఆనకట్ట కట్టి నిజాంసాగరమును నిర్మించిన పిమ్మట, ఆ నీరు కాలువల వెంట పారిన చోటులనెల్ల చెఱకు పెరిగినది; 1937లో నిజామాబాదు జిల్లా బోధనులో వెలసిన నిజాం చక్కెర కర్మాగారము ఆ సీమ పేరును దేశమంతట వినిపించినది. ఇట్టి చెఱకు సేద్యమునకే, అంతకు ముందు 1903 మొదలుగా మదరాసు రేవున ఓడలెక్కి, పసిఫిక్ సముద్రమధ్యముననున్న ఫిజీ దీవులకు కూలీలుగా తరలిపోయిన దక్షిణాదివారిలో తెలుగువారును అనేకులు. ఆ చెఱకు దీవులకు నేడు లోకమున మఱియొక ప్రఖ్యాతి కలదు. అది జట్టునకు ఏడుగురేసి ఆడు రగ్బీ. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్సునందు ఫిజీ మహిళలు ఆ ఆటలో కాంస్యపతకము గెలుచుకొనిరి. నిజామాబాదు బాలికల పాదములలోని వేగము నెఱిగినవారు ఈ ఆటను గూర్చి తెలిసికొనుట మిక్కిలి యావశ్యకమని నా నమ్మకము.

1883లో స్కాట్లండునందలి మెల్రోజ్ అను చిన్నపట్టణమున, తమ సంఘమునకు నిధులు కూర్చుటకై నెడ్ హేగ్ అను మాంసవిక్రేత తలపెట్టిన పోటీతో ఈ ఆట పుట్టినది. పదునైదుగురాడు రగ్బీని ఒక్కదినమున పలుమార్లు ఆడించుట దుస్సాధ్యము గనుక, జట్టును ఏడుగురికి, ఆటసమయమును స్వల్పకాలమునకు కుదించిరి. నేటికిని ఏడేసి నిమిషముల రెండు భాగములు, నడుమ రెండు నిమిషముల విరామము, అంతే ఆట. మన కబడ్డీలోను బరిలో నిలుచువారు ఏడుగురే. కాని స్త్రీల కబడ్డీ బరి పొడవు పండ్రెండు మీటర్లు, వెడల్పు ఎనిమిది. రగ్బీలో ఆ యేడుగురే ఇంచుమించు నూఱు మీటర్ల పొడవును, డెబ్బది మీటర్ల వెడల్పును గల మైదానమును కాపాడుకొనవలెను. ఒక్కతె అడుగు తడబడెనా, ఆ సందు ప్రత్యర్థికి రాజమార్గమగును.

ఈ యాటకు ప్రాణమైన నియమము మఱియొకటి కలదు. కోడిగ్రుడ్డు వలె కోలగానున్న ఆ బంతిని చేతబట్టి ఎంత దూరమైనను పరుగెత్తవచ్చును, కాలితో ముందుకు తన్నవచ్చును. కాని చేతితో సహచరికి అందింపవలసి వచ్చినపుడు ముందుకు విసరరాదు, ప్రక్కకో వెనుకకో మాత్రమే అందింపవలెను. కావున ముందు పరుగెత్తునామెకు వెనుక వచ్చువారే బలము. ఆమెను అడ్డగింప వచ్చినది తన శిరస్సును ప్రక్కకు తప్పించి, భుజమును ఆమె తొడకానించి, రెండు చేతులతో కాళ్ళను బిగియబట్టి నేలకు దింపును. భుజములపైని భాగమును పట్టుట నిషిద్ధము. కబడ్డీలో తొడపట్టు, చీలమండపట్టు నేర్చిన బాలికకు ఈ విద్య కేవలము పరాయిది కాదు. నేలగూలునామె, కూలుచునే, వెనుక నుండి దూసుకువచ్చు చెలి చేతికి బంతి నందించును. ఆ చెలి గీత దాటి, బంతిని నేలకు తాకించినచో అయిదు పాయింట్లు. దానినే ట్రై అందురు. ఆపై బంతిని నేలపై పడవైచి, అది పైకెగయునపుడు స్తంభముల నడుమనుండి తన్నగలిగినచో మఱి రెండు.

ఈ నేర్పు పదునెక్కునది పోటీలలోనే; ప్రాంతీయ పోటీల ప్రయోజనము అందువలననే గోచరించును. ప్రపంచవేదికకు పోవు మార్గము ఖండములవారీ పోటీలగుండా సాగును. చిన్నవయసువారికి అనుభవము నొసగునవియు అవియే. 2025 ఆగస్టు 9, 10 తేదీలలో బీహారులోని రాజగిరియందు ఇరువదేండ్లలోపు వారికి ఆసియా సెవెన్స్, అనగా ఏడుగురి రగ్బీ, పోటీలు జరిగినవి. అందు భారతబాలికలు కాంస్యపతకమునకై ఉజ్బెకిస్తాన్‌తో తలపడి, 12-5 పాయింట్లతో గెలిచిరి. రాజగిరి నాలందా జిల్లాలోనిది. ఆ జిల్లాలోనే ఒక రైతుబిడ్డయైన శ్వేతా శాహీ, ఆ పోటీలకు చాల యేండ్లకు పూర్వమే రగ్బీ నేర్చి, భారతజట్టులో స్థానమును సంపాదించినది. పొలముల నడుమ పెరిగిన పిల్లకు సాధ్యమైనది, మంజీరా కాలువల నడుమ పెరిగిన పిల్లకు అసాధ్యమెట్లగును?

నిజామాబాదు ఇదివఱకే సమాధానమిచ్చినది. కలెక్టరేటు మైదానమున సాధన ప్రారంభించిన నిఖత్ జరీన్ 2022లో ఇస్తాంబులులోను, 2023లో ఢిల్లీలోను బాక్సింగున ప్రపంచవిజేతయైనది. సిరికొండ మండలములోని పాకాల గ్రామపు మాలావత్ పూర్ణ 2014 మే 25న పదమూడేండ్ల ప్రాయమున ఎవరెస్టు శిఖరము నధిరోహించినది. యెండల సౌందర్య హాకీలోను, గుగులోతు సౌమ్య ఫుట్‌బాలులోను దేశమునకు ఆడిరి. వీరందఱును ఈ సీమ బిడ్డలే.

రగ్బీకి కావలసినది అధికము కాదు: ఱాళ్ళేరిన సమతలమైన పచ్చికనేల, పండ్లకు రక్షణగా నోటితొడుగు, రెండు బంతులు, పడునప్పుడు దెబ్బ తగులకుండ పడుట నేర్పగల ఒక శిక్షకుడు లేక శిక్షకురాలు. గురుకుల పాఠశాలల ఆవరణములలో, బోధను పట్టణపు మైదానములలో ఇవి సమకూర్చుట పెద్దలకు కష్టసాధ్యము కాదు. పిల్ల మోకాలు గీచుకొని యింటికి వచ్చిన సాయంకాలము, "రేపటినుండి పోవలదు" అనక, పసుపు పూసి మరునాడు మరల పంపగల తల్లిదండ్రుల మనస్సే వానికంటె విలువైనది. ముందు పరుగెత్తినవారు బంతిని చేతబట్టుకొనియే యున్నారు. దానిని వెనుకకు చాచి అందించుటయే ఈ యాట ధర్మము. అందుకొను చేతులను మైదానమునకు తీసికొనివచ్చుట మన వంతు.