ముగియని యాట

పిల్లలు సెల్‌ఫోను ఆటలలో మునిగి చదువు మరచుచున్నారని వగవని తల్లి నేడు అరుదు. మాకును ఆ వగపు కలదు. అయినను మేము బొమ్మల కథలకుగాని వీడియో ఆటలకుగాని శత్రువులము కాము. వానిని ప్రేమించి పెరిగినవారమే.

భారత భాగవతములను మాకు తండ్రిగారు ఇంటనే చెప్పిరి. కాని చదువునందు రుచి పుట్టించినది చందమామ. 1947 జూలైలో నాగిరెడ్డి, చక్రపాణిగార్లు మద్రాసున స్థాపించిన ఆ పత్రిక నేడు వెలువడుట లేదు. పాత సంచికలు మా పెట్టెలో నున్నవి. శంకర్ గీసిన బేతాళుని చూచి వెఱచుచునే పుట త్రిప్పెడివారము. పిదప 1967లో అనంత్ పాయ్ ఆరంభించిన అమర్ చిత్రకథలు దొరకెను. "బొమ్మలు చూచు పిల్ల పద్యమేమి చదువును?" అని పెద్దలు గొణిగిరి. అయినను బొమ్మలో కీచకుని చూచిన కుతూహలమే మమ్ము తిక్కనగారి విరాటపర్వమునకు చేర్చినది. తోలుబొమ్మలాట నెరిగిన మన నెల్లూరు సీమకు బొమ్మతో కథ చెప్పుట క్రొత్త కాదు గదా!

వీడియో ఆటయు నట్లే. 1983లో జపానున నింటెండో సంస్థ వెలువరించిన యంత్రమునకు చవుక యనుకరణములు మన బజారులకు వచ్చెను. వేసవి సెలవులలో అన్నయ్యయు మేమును దానిని టీవీకి తగిలించి మారియో ఆడెడివారము. ఒకరు ఓడిన రెండవవారి వంతు. కడపటి కోటలో రాకుమారి చెర వీడిన కథ ముగియును. వైకుంఠపాళిలోను పరమపదము చేరిన ఆట సరి.

మా చిన్నవాడు పదునొకండేండ్లవాడు. నిరుడు సాయంకాలము మైపాడు తీరమునకు పోదము రమ్మన్నను రాడయ్యెను. ఒకనాడు మావారి బ్యాంకు ఖాతానుండి కొలదికొలదిగా రెండువేల నాలుగువందల రూపాయలు పోయినట్లు తెలిసెను. అవి తుపాకి యాటలోని వేషములకును, ఆయుధములకును చెల్లినవి! బడిలో ఎన్నడును బెత్తము పట్టని మావారు ఆనాడు వానిపై చేయెత్తిరి. మేము ఫోనును బీరువాలో పెట్టి తాళము వేసితిమి. రెండు దినములు వాడు సరిగా అన్నము తినలేదు, మాటాడలేదు.

మూడవనాడు మేమే ఫోను తీసి, "నాకూ నేర్పు నాయనా" అంటిమి. వాడు విస్తుపోయెను. మేము ఆడిన ప్రతిసారి చచ్చితిమి; వాడు పకపక నవ్వెను. గంట గడచిన పిమ్మట, "ఇది ఎప్పటికి అయిపోతుంది?" అని యడిగితిమి.

"ఇది అయిపోయే ఆట కాదమ్మా. ఒక్కరోజు మానితే వెనకబడిపోతాం" అని తల వంచుకొనెను.

ఆ మాటతో మా కోపము చల్లారినది. ప్రతిదినము వచ్చినవారికి బహుమానము, రానివారికి నష్టము. ఇట్లు కట్టిన వలలో పసివాడు చిక్కుట వింతయా? ధర్మజ్ఞుడైన యుధిష్ఠిరుడే ఇంకొక పందెమని కూర్చుండి సర్వమును కోలుపోయెను.

పణమొడ్డి ఆడు ఆన్‌లైన్ ఆటలను మన రాష్ట్రము 2020లో నిషేధించినది. 2025లో పార్లమెంటును చట్టము చేసినది. కాని ఆటలోని వేషముల నమ్ముకొను వ్యాపారమును ఆ చట్టము మాన్పలేదు. అక్కడ కావలి తల్లిదండ్రులదే.

ఇప్పుడు మా ఫోనునుండి ఖాతా తొలగించితిమి. ఆదివారము ఒక గంట, ముగింపు గల యాటనే, టీవీపై అందరము కూడి ఆడుచున్నాము. మావారు ఎప్పుడును ఓడుదురు. చిన్నవాడు ఒక్కొక సంధ్యవేళ బీరువా వంక చూచుచునే యుండును. పూర్తిగా గెలిచితిమని చెప్పజాలము. అయినను మొన్న తానే చెప్పులు తొడుగుకొని, "అమ్మా, సముద్రం దగ్గరికి పోదామా?" అనెను.

కావున సోదరీమణులారా, బిడ్డను తిట్టుటకు ముందు ఒక్క గంట వాని ప్రక్కన కూర్చుండుడు. ఈ యాటకు ముగింపు కలదా? తోడు కలదా? రూకలెవరికి పోవుచున్నవి? ఈ మూడును విచారించిన పిదపనే బీరువా తాళము చేతబట్టుడు.