దిల్లీపై దిగిన ఎడారి ధూళి

నల్లబల్లను తుడిచినపుడు రాలు సుద్దపొడిలో బరువైన రేణువులు వెంటనే నేలబడును. మెత్తని పొడి మాత్రము కిటికీలోని ఎండచారలో చాలసేపు తేలియాడును. ఎడారిలో జరుగునదియు ఇదియే. బలమైన గాలికి ఇసుకరేణువులు ఎగిరిపడుచు నేలను కొట్టును. ఆ దెబ్బకు సన్నని ధూళి లేచును. ఇసుక కొద్దిదూరములోనే పడిపోవును. మిల్లీమీటరులో నూరవవంతుకంటె చిన్నవైన కణములు వేడిగాలితో కొన్ని కిలోమీటర్ల ఎత్తునకు పోయి దినములతరబడి ప్రయాణింపగలవు.

2017 అక్టోబరు చివరివారములో ఇరాక్, కువైట్, సౌదీ అరేబియా ప్రాంతములలో పెద్ద ధూళితుపాను లేచినది. ఆ ధూళిని పైగాలులు తూర్పునకు కొనివచ్చినవి. అదే సమయమున పంజాబు, హర్యానా పొలములలో వరి కొయ్యకాళ్ళు కాలుచుండెను. ఆ పొగయు వాయవ్యపు గాలితో దిల్లీవైపు సాగినది.

అయితే పైన పోవు ధూళివలన ఊపిరికి బాధలేదు. అది క్రిందికి దిగవలెను, దిగినది కదలకుండవలెను. ఆ రెండును అప్పుడు సమకూడినవి. ఉత్తరభారతముపై అధికపీడనము నెలకొని పైగాలి మెల్లగా దిగుచుండెను. చలిరాత్రులలో నేల త్వరగా చల్లారును. నేలనంటిన గాలి చల్లబడి బరువెక్కును. దానిపై వెచ్చనిగాలి మూతవలె నిలుచును. మామూలుగా పైకిపోవుకొలది గాలి చల్లగా నుండును. ఇచ్చట ఆ వరుస తారుమారగును. దీనినే ఉష్ణోగ్రతా విలోమము అందురు. వచ్చిన ధూళి, పొగ, నగరములోని వాహనముల పొగ అన్నియు ఆ మూతక్రిందనే పేరుకొనెను. పాఠశాలలను కొన్ని దినములు మూసివేయవలసివచ్చెను.

ఊపిరితిత్తుల లోతునకు పోగలవి 2.5 మైక్రానులకు లోబడిన కణములు. నవంబరు 8న దిల్లీగాలిలోని అట్టి కణములలో 40 శాతము ఎడారిధూళి, 25 శాతము కొయ్యకాళ్ళ పొగ అని పుణేలోని ఉష్ణమండల వాతావరణ విజ్ఞానసంస్థకు చెందిన 'సఫర్' లెక్కకట్టినది. ఇది అంచనాయే, రేణువుమీద ఊరిపేరు వ్రాసియుండదు గదా! రసాయన పరీక్ష కొంత తోడ్పడును: ఎడారిధూళిలో సిలికాన్, అల్యూమినియము హెచ్చు, గడ్డిపొగలో కర్బనము, పొటాషియము హెచ్చు. తప్పంతయు పరదేశపు ధూళిదే అనుటకు ఈ లెక్కను చూపుట మాత్రము సరికాదు. అట్టి తుపాను లేని ఏండ్లలోను నవంబరునందు దిల్లీగాలి చెడుచునేయున్నది.

దిల్లీ ఈ ప్రయాణమునకు తుదిమజిలీ కాదు. శీతకాలములో గంగామైదానపు మసకగాలి వాయవ్యపు గాలులతో దిగువకు సాగి బంగాళాఖాతముపైకి పోవును. 1999లో పలుదేశముల శాస్త్రజ్ఞులు కూడి హిందూ మహాసముద్రముపై పరిశీలనలు జరిపినపుడు, కర్మాగారములు అంతగాలేని మాల్దీవులలో సైతము గాలిలో మసి కనబడినది.