తెర వెనుక డాక్టరుకు సంతకమే ఆస్తి

జూబ్లీహిల్స్: ఫిలింనగర్ అనగానే జనానికి గుర్తుకొచ్చేవి స్టూడియోలు, తారల ఇళ్ళు. కాని జిల్లాల నుంచి రాత్రి బస్సెక్కి తెల్లవారేసరికి ఈ కొండల వైపు చేరేవారందరూ తారల కోసం రారు. సంచిలో ఎక్సురే కవర్లు, పాత చీటీలు పెట్టుకుని ఆసుపత్రికి దారి అడిగేవారూ ఎందరో. జూబ్లీహిల్స్‌లో అపోలో ఆసుపత్రి 1988లో మొదలైంది. బసవతారకం 1985లో క్యాన్సర్‌తో కన్నుమూయగా, ఆమె పేరిట భర్త ఎన్.టి.రామారావు తలపెట్టిన ఆసుపత్రి పక్కనే బంజారాహిల్స్‌లో 2000లో ప్రారంభమైంది. తనకు క్యాన్సర్ ఉన్నదని 2013 అక్టోబరులో విలేకరులను పిలిచి తానే చెప్పిన అక్కినేని నాగేశ్వరరావు 2014 జనవరి 22న మరణించారు.

తారకైనా, రైతుకైనా ఆ జబ్బు ఉన్నదో లేదో తేల్చి కాగితం మీద పెట్టే డాక్టరు మాత్రం రోగి కంటికి కనిపించరు. వారే పాథాలజిస్టు. చీకటి గదిలో ఎడిటర్ సినిమా తీరు తేల్చినట్టే, ల్యాబులో మైక్రోస్కోపు ముందు కూర్చుని వీరు వైద్యం తీరు తేలుస్తారు. ఈ వృత్తిలోకి కొత్తగా వచ్చే యువ డాక్టర్లు నేర్వవలసింది ఏమిటి?

డిగ్రీ తరువాతే అసలు చదువు

ఎం.బి.బి.ఎస్. అయిదున్నరేళ్ళు, ఆపై పాథాలజీ ఎం.డి. మూడేళ్ళు. అంతటితో చదువు ముగిసిందనుకుంటే పొరపాటే. కాలేజీలో స్లైడు చూసి జబ్బు పేరు చెబితే మార్కులు వస్తాయి. ఉద్యోగంలో అదే స్లైడును బట్టి ఒక తల్లికి రొమ్ము ఉంచాలా, తీసివేయాలా అని సర్జన్ నిర్ణయిస్తారు.

మామూలుగా శరీరం నుంచి తీసిన ముక్కను ఫార్మలిన్‌లో ఉంచి, మైనంలో దిమ్మ కట్టి, 3 నుంచి 5 మైక్రాన్ల పలుచని పొరలుగా కోసి, రంగు అద్ది చూస్తారు. ఇందుకు రోజులు పడుతుంది. రోగి ఆపరేషను బల్ల మీద ఉండగానే జవాబు కావలసి వస్తే ముక్కను గడ్డకట్టించి కోస్తారు. దీనినే ఫ్రోజెన్ సెక్షన్ అంటారు. సుమారు 20 నిమిషాల్లో మాట చెప్పాలి. ఆ నేర్పు పుస్తకంలో దొరకదు. అనుభవజ్ఞుల పక్కన కూర్చుని వందల కేసులు చూస్తేనే అబ్బుతుంది.

అందువల్ల మొదటి ఉద్యోగానికి జీతం ఒక్కటే కొలత కారాదు. అక్కడ ఎన్ని రకాల కేసులు వస్తాయి, తప్పు దిద్దే సీనియర్ ఉన్నారా అన్నది ముందు విచారించుకోవాలి. బోధన వైపు వెళ్ళదలచినవారికి సీనియర్ రెసిడెన్సీ కూడా అవసరం.

తెలియదనడం తప్పు కాదు

పరీక్షకు పంపే ఫారం మీద ఒక్కోసారి 'గడ్డ' అన్న ఒక్క మాటే ఉంటుంది. రోగి వయసెంత, గడ్డ ఎన్నాళ్ళ నుంచి ఉంది, స్కానింగులో ఏం కనిపించింది? ఇవి తెలియకుండా స్లైడు చూడడం సగం కథ విని తీర్పు చెప్పడమే. ఫోను తీసి సర్జన్‌ను అడగడానికి మొహమాటపడరాదు. క్యాన్సర్ ఆసుపత్రుల్లో జరిగే ట్యూమర్ బోర్డు సమావేశాలకు వెళితే, తాము రాసిన వాక్యం రోగి వైద్యాన్ని ఎటు తిప్పిందో తెలుస్తుంది.

సందేహం తీరకపోతే మరో పాథాలజిస్టుకు స్లైడు చూపించాలి. అవసరమైతే ప్రత్యేక రంగు పరీక్షలు కోరాలి. అనుకోని క్యాన్సర్ బయటపడితే రిపోర్టు పంపి ఊరుకోక, వైద్యం చేసే డాక్టరుకు స్వయంగా చెప్పాలి. రెండు రోజులు ఆలస్యమైనా సరైన రిపోర్టు మేలు. తొందరపడి రాసిన తప్పు రిపోర్టుతో జరిగిన ఆపరేషనును వెనక్కు తీసుకోలేరు.

సంతకం అద్దెకివ్వరాదు

కొత్తవారికి ఎదురయ్యే పెద్ద పరీక్ష మరొకటి ఉంది. "వారానికోసారి వచ్చి వెళ్ళండి, మిగతాది మేం చూసుకుంటాం" అనే ల్యాబులు ఉంటాయి. కంప్యూటరులో సంతకం ఉంచి పొమ్మనేవారూ ఉంటారు. నెల తిరిగేసరికి డబ్బు వస్తుంది. కాని తాను చూడని రక్తానికి, చూడని స్లైడుకు పూచీ తనదే అవుతుంది. ల్యాబు రిపోర్టుపై పాథాలజీలో పి.జి. చేసిన రిజిస్టర్డు డాక్టరు సంతకం ఉండాలని 2017 డిసెంబరులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. తరువాత చిన్న ల్యాబులకు నిబంధనలు కొంత సడలినా, ముక్క పరీక్షకు పాథాలజిస్టు చూపుకు బదులు లేదు.

ఇప్పుడు స్లైడును స్కాన్ చేసి దూరానున్న నిపుణులకు పంపే వీలుంది. అనుమానం ఉన్న చోటు చూపే కంప్యూటరు ప్రోగ్రాములూ వచ్చాయి. ఇవి నేర్చినవారికి మేలే. అయినా చివరి మాటకు బాధ్యత యంత్రానిది కాదు, మనిషిదే.

సినిమా టైటిల్స్‌లో ఎడిటర్ పేరు పెద్ద అక్షరాల్లో పడుతుంది. రిపోర్టు అడుగున పాథాలజిస్టు పేరు చిన్న అక్షరాల్లో ఉంటుంది. దానిని చదవకుండానే మడిచి సంచిలో పెట్టుకుని ఊరికి బస్సెక్కే మనిషి, ఆ పేరును నమ్మే వెళుతున్నాడు.