ఏడడుగుల కన్ను

హైదరాబాద్ ప్రసాద్స్‌లో పీసీఎక్స్ తెర వెడల్పు 101.6 అడుగులు, ఎత్తు 64. సినిమాస్కోప్ బొమ్మ ఆ వెడల్పంతా పరుచుకుంటే ఎత్తు 42 అడుగుల పైచిలుకు వస్తుంది. హీరో ముఖాన్ని నుదుటి నుంచి గడ్డం దాకా తెర నిండా చూపించారనుకోండి. మనిషి ముఖం పొడవులో కన్ను వెడల్పు సుమారు ఆరో వంతు. అంటే ఆ తెర మీద ఒక్కో కన్ను ఏడడుగులు. అదే షాట్ ఫోన్లో చూస్తే కన్ను ఒక సెంటీమీటరు. థియేటర్లో 60 అడుగుల దూరాన కూర్చుంటాం, ఫోన్ అడుగు దూరంలో పట్టుకుంటాం. ఆ దూరాన్ని లెక్కలోకి తీసుకున్నా థియేటర్లో కన్ను మన చూపుకి దాదాపు మూడున్నర రెట్లు పెద్దది. టీజర్లో ముచ్చటగా కనబడ్డ గ్రాఫిక్స్ ముఖం మొదటి రోజు మొదటి ఆటలో మైనపు బొమ్మలా అనిపించడానికి సగం కారణం ఇదే.

మిగతా సగం తెలియాలంటే పోచంపల్లి దాకా వెళ్లాలి. అక్కడ చీర చేతికిస్తే నేత తెలిసినవాళ్లు ముందు దాన్ని తిరగేసి చూస్తారు. చిటికి పనిలో నూలుకు ముందే కట్లు కట్టి రంగులద్ది, ఆ తర్వాతే మగ్గం ఎక్కిస్తారు. అందుకే లోపలా బయటా ఒకే రంగు. నేసేటప్పుడు పోగులు వెంట్రుకవాసి అటూ ఇటూ జరుగుతాయి కాబట్టి డిజైన్ అంచు కాస్త చెదిరినట్టుంటుంది. ఒక పువ్వు చెదిరినట్టు పక్క పువ్వు చెదరదు. ప్రింటు వేసేవాళ్లకూ ఈ సంగతి తెలుసు, ఆ చెదురును కూడా అచ్చు గుద్దుతారు. కాకపోతే ప్రతి పువ్వుకూ ఒకే చెదురు. అక్కడే దొరికిపోతారు. పట్నం నుంచి వచ్చి కొనేవాళ్లకు అది కనబడకపోవచ్చు. మగ్గం చప్పుడులో పెరిగినవాళ్లకు కనబడకుండా ఉండదు. ఎలా కనిపెట్టారని అడిగితే వెంటనే చెప్పలేకపోవచ్చు గానీ తేడా మాత్రం తెలిసిపోతుంది.

మనిషి ముఖం విషయంలో మనందరం పోచంపల్లివాళ్లమే. ముఖం కంటపడగానే దానికంటూ మెదడులో ఒక విద్యుత్ స్పందన పుడుతుంది. సుమారు 170 మిల్లీసెకన్లకు అది పతాక స్థాయికి చేరుతుంది. సెకనుకు 24 ఫ్రేములు నడిచే సినిమాలో అది నాలుగు ఫ్రేముల కాలం. అంటే కథ ఏమిటో, పాత్ర ఎవరో ఆలోచించేలోపే ముఖం మీద మన పరీక్ష మొదలైపోతుంది. రెప్పపాటు సెకనులో పదో వంతు నుంచి పదింట నాలుగు వంతుల దాకా, అంటే రెండు నుంచి తొమ్మిది ఫ్రేములు. ఆ కొద్ది ఫ్రేముల్లో రెప్ప దిగే వేగం, లేచే వేగం, రెప్పతో పాటు చెంప కదిలే తీరు, అన్నీ కుదరాలి. నిజమైన మనిషి అన్నిసార్లూ ఒకేలా రెప్ప వేయడు. కంప్యూటర్ మనిషి అలా వేస్తే మనకు తెలిసిపోతుంది.

జపాన్ రోబో శాస్త్రవేత్త మసాహిరో మోరి 1970లోనే ఈ సంగతి రాశారు. బొమ్మలో మనిషి పోలిక పెరిగేకొద్దీ మనకు దాని మీద ఇష్టం పెరుగుతుంది, పోలిక దాదాపు పూర్తయ్యే చోట మాత్రం ఆ ఇష్టం దభీమని లోయలో పడిపోతుంది అని ఆయన ప్రతిపాదన. బొమ్మ కదిలితే ఆ లోయ ఇంకా లోతవుతుందని కూడా అన్నారు. సినిమా అంటేనే కదిలే బొమ్మ కదా.

సైన్స్ ఫిక్షన్‌కు ఇక్కడ ఒక విచిత్రమైన ఇబ్బంది ఉంది. ‘కల్కి 2898 ఏడీ’ సినిమానే తీసుకోండి, 2898 నాటి కాశీ ఎలా ఉంటుందో ఎవరికీ తెలియదు. ఆకాశంలో తలకిందులుగా నిలబెట్టిన పిరమిడ్ లాంటి కాంప్లెక్స్ చూపించినా, తనంతట తాను మాట్లాడే బుజ్జి కారు చూపించినా సరిపోల్చుకోవడానికి మన దగ్గర జ్ఞాపకం లేదు. అందుకే ఒప్పేసుకుంటాం. తెర మీద మనం పరీక్ష పెట్టగలిగినది మనిషి ఒక్కడే. కోట్లు పోసి కట్టిన ఊహాలోకమంతా చివరికి ఆ ఏడడుగుల కంటి మీద నిలబడుతుంది.

ఈ లెక్క తప్పి మునిగిన పెద్ద సినిమా 2001లో వచ్చిన ‘ఫైనల్ ఫాంటసీ: ది స్పిరిట్స్ వితిన్’. తారాగణమంతా కంప్యూటర్ మనుషులే. కథానాయిక ఆకీ రాస్ తలకు 60,000 వెంట్రుకలు తీర్చారు. మొత్తం ఫ్రేములు 1,41,964. ఒక్కో ఫ్రేము సిద్ధం కావడానికి సగటున గంటన్నర. ఒకే కంప్యూటర్‌తో చేస్తే 24 ఏళ్లు పట్టేది. వాళ్లు 960 కంప్యూటర్లు పెట్టారు. 13.7 కోట్ల డాలర్లు ఖర్చయితే ప్రపంచమంతా కలిపి వసూలైంది 8.5 కోట్లు. వెంట్రుకలను ఎవరూ తప్పుపట్టలేదు. వేలు పెట్టి చూపించింది చర్మాన్నీ చూపునూ. నిజానికి చర్మం మీద పడ్డ వెలుగు అక్కడికక్కడే తిరిగి రాదు, కాస్త లోపలికి ఇంకి, చెదిరి, పక్క నుంచి బయటికొస్తుంది. చెవిని దీపానికి అడ్డం పెడితే ఎర్రగా కనబడేది అందుకే. ఆ చెదురును చౌకగా లెక్కగట్టే పద్ధతిని స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు ప్రచురించింది సరిగ్గా అదే ఏడాది. మరుసటి ఏడు తెరకెక్కిన ‘లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ గొల్లమ్ చర్మం జీవమున్నట్టు కనబడడంలో ఆ పద్ధతి పాత్ర ఉంది.

తర్వాతి మెట్టు 2008 నాటి ‘ది క్యూరియస్ కేస్ ఆఫ్ బెంజమిన్ బటన్’. బ్రాడ్ పిట్‌ను ముసలివాడిగా చూపడానికి సినిమా మొదటి 52 నిమిషాల్లో 325 షాట్లలో తల మొత్తాన్ని కంప్యూటర్‌తోనే చేశారు. 155 మంది రెండేళ్లు పనిచేశారు. 52 నిమిషాలంటే 74,880 ఫ్రేములు. ఏడాదికి 250 పనిదినాలనుకుంటే ఒక మనిషి ఒక రోజంతా చేసిన పని తెర మీద ఒక్క ఫ్రేము, అంటే సెకనులో ఇరవై నాలుగో వంతు. ఆస్కార్ వచ్చిందంటే ఊరికే రాలేదు. ఇందులో వాళ్లకు కలిసొచ్చినది కూడా ఒకటుంది. ఎనభై ఏళ్ల బ్రాడ్ పిట్‌ను అప్పటికి లోకంలో ఎవరూ చూడలేదు. జ్ఞాపకంతో పోటీ లేదు.

వయసు తగ్గించే పని అలా కాదు. పాతికేళ్ల కిందటి ముఖం అందరి బుర్రల్లోనూ భద్రంగా ఉంటుంది. ‘ట్రాన్: లెగసీ’ (2010)లో ఒకే సినిమాలో ఒకే పనితనంతో జెఫ్ బ్రిడ్జెస్ కుర్ర ముఖాన్ని రెండు పాత్రలకు వాడారు. ఒకటి క్లూ, అది కథలోనే ఒక కంప్యూటర్ ప్రోగ్రామ్, కాబట్టి ముఖం కాస్త బిగుసుకున్నా సర్దుకుపోతాం. రెండోది 1989లో కొడుకుకు కథ చెప్పే మామూలు తండ్రి. అక్కడ అదే బిగువు ఎబ్బెట్టుగా ఉంటుంది. ‘బ్లేడ్ రన్నర్ 2049’ (2017) ఈ కిటుకును ఇంకా తెలివిగా పట్టుకుంది. 1982 నాటి తొలి సినిమా నాయిక రేచల్‌ను మళ్లీ సృష్టించడానికి ఏడాది పాటు కష్టపడి, తెర మీద ఉంచింది మాత్రం రెండు నిమిషాలే. పైగా కథలో కూడా ఆమె నకలే, ఆ పాత సినిమా హీరో ఆమెను నకలనే తిప్పికొడతాడు. ప్రేక్షకుడికి కలిగే అనుమానాన్నే సన్నివేశానికి పెట్టుబడిగా పెట్టారు. 2019 నాటి ‘అలీటా’ ఇంకో దారి పట్టింది. తల మీద 1.32 లక్షల వెంట్రుకలు పెట్టి కూడా కళ్లు మాత్రం మనిషికి ఉండనంత పెద్దవి చేసింది. ఇది మనిషి కాదని ముందే చెప్పేస్తే మనమూ మనిషి కొలతలు పక్కన పెడతాం.

ఇక మన సంగతి. ‘యమదొంగ’ 2007 ఆగస్టు 15న వచ్చింది. ఎన్టీ రామారావు పోయి అప్పటికి పదకొండేళ్లు. మనవడి సినిమాలో తాతను గ్రాఫిక్స్‌తో తీసుకొచ్చారు రాజమౌళి. ఇప్పుడు చూస్తే ఆ బొమ్మలో లోపాలు ఎన్నైనా ఎంచవచ్చు. అయినా పనిచేసింది. చూపించింది కాసేపే, అదీ యమలోకంలో, పైగా చూస్తున్నది ఆయన కనబడితే చాలనుకునే జనం. ఈలల మధ్య రెప్పపాటు ఫ్రేములు లెక్కబెట్టే ఓపిక ఎవరికుంటుంది? అభిమాని కన్ను లేనిదాన్ని పూరించుకుంటుంది. అయితే ఆ అప్పు కొన్ని నిమిషాలకే పుడుతుంది, రెండు గంటలకు పుట్టదు. 2014లో ‘విక్రమసింహ’ పేరుతో తెలుగులోకి వచ్చిన ‘కోచ్చడయాన్’ అది చూపించింది. సినిమా అంతా కంప్యూటర్ రజనీకాంతే. పక్కన 2009లోనే పోయిన నగేష్ కూడా ఉన్నారు. రజనీ అంటే ముఖం కాదు, తల ఎగరేసే విసురు, నడకలో వేగం. మన జనానికి అది కంఠతా వచ్చు. అదే రజనీ నాలుగేళ్ల ముందు ‘రోబో’లో వందల చిట్టీలుగా కనబడితే ఎవరికీ అభ్యంతరం లేకపోయింది, చిట్టి మరమనిషి కనుక. కోడి రామకృష్ణ 2016లో కన్నడ ‘నాగరహావు’ కోసం విష్ణువర్ధన్‌ను మళ్లీ తెరకెక్కించారు. అక్కడా యమదొంగ సూత్రమే.

తెలుగు ప్రేక్షకుల విషయంలో నాదొక అనుమానం ఉంది. డబ్బింగ్ సినిమాల మీద పెరిగిన మనం పెదవుల తేడాను పెద్దగా పట్టించుకోం. మాట ఒకటై పెదవి ఇంకొకటి పలికినా అలవాటైపోయింది. హాలీవుడ్ వాళ్లు నోటి కదలికల మీద పెట్టినంత శ్రమ మన మార్కెట్‌కు అక్కర్లేదేమో. కళ్ల దగ్గర మాత్రం మనం ఎవరికన్నా కఠినులం. పోస్టర్లో, కటౌట్‌లో, ఇంటర్వెల్ బ్యాంగ్‌లో ఏళ్ల తరబడి హీరో కళ్లే చూస్తూ వచ్చాం.

‘కల్కి 2898 ఏడీ’ 2024 జూన్ 27న విడుదలైంది. నిడివి 181 నిమిషాలు, అంటే రెండు లక్షల అరవై వేల పైచిలుకు ఫ్రేములు. కథ క్రీస్తుపూర్వం 3102 నుంచి క్రీస్తుశకం 2898 దాకా ఆరువేల ఏళ్లు సాగుతుంది. ఇంత కాలవ్యవధి ఉన్న కథలో కంప్యూటర్ ముఖాలు ఎన్నో పెట్టవచ్చు. దర్శకుడు నాగ్ అశ్విన్ ఎంత తక్కువ పెట్టారో చూడండి. అశ్వత్థామ యౌవనం కురుక్షేత్ర ఘట్టానికే పరిమితం. అక్కడ అమితాబ్ ముఖానికి వయసు తగ్గించారు, అదీ పొగా దుమ్మూ అస్తమయపు వెలుగూ కమ్ముకున్న యుద్ధభూమిలో. మిగతా సినిమా అంతా 81 ఏళ్ల అమితాబ్ సొంత ముఖమే, సొంత ముడతలే. ఒడ్డూ పొడుగూ పెంచడానికి గ్రాఫిక్స్ వాడారు గానీ కళ్ల జోలికి పోలేదు. అంత పొడుగు మనిషిని మనం ఎప్పుడూ చూడలేదు కాబట్టి ఒళ్లు ఎంత పెంచినా చెల్లుతుంది. ఆ చూపు మాత్రం ‘షోలే’ నాటి నుంచి తెలుసు.

అన్నిటికన్నా పెద్ద నిర్ణయం కృష్ణుడిది. ముఖం చూపించనే లేదు. నీడగా, నీలపు ఆకృతిగా వదిలేశారు. కృష్ణుడికి రూపం ఇవ్వకూడదన్నదే తన ఆలోచనని దర్శకుడు చెప్పారు. అది తాత్వికంగా నిజమే కావచ్చు, లెక్క ప్రకారం కూడా చాలా తెలివైన పని. 1957 నాటి ‘మాయాబజార్’ నుంచి తెలుగువాళ్ల కృష్ణుడికి ఒకటే ముఖం. రామారావు ఆ పాత్ర వేసిన సినిమాలు పదిహేడు. ఆ ముఖాన్ని కంప్యూటర్‌లో పుట్టిస్తే యమదొంగతో పోలిక, వేరే ముఖం పెడితే మాయాబజార్‌తో పోలిక. రెండు విధాలా ఓటమే. నీడకు పోలిక ఉండదు. 2022లో ‘ఆదిపురుష్’ టీజర్ వచ్చినప్పుడు గ్రాఫిక్స్ మీద రేగిన గోల తెలుగు నిర్మాతలందరూ చూసినదే. 2023 సంక్రాంతికి రావాల్సిన ఆ సినిమా జూన్ 16కి జరిగింది.

కల్కిలో మూడో ముఖం కమల్‌హాసన్‌ది. తొలి భాగంలో సుప్రీమ్ యాస్కిన్‌గా ఆయన ఎండి వడలిన ఆకారం. మేకప్పూ గ్రాఫిక్సూ కలిపి పోల్చుకోలేనంతగా మార్చేశారు. బెంజమిన్ బటన్ సౌకర్యమే ఇక్కడా ఉంది, అంత ముసలి కమల్‌ను ఎవరూ చూడలేదు. పైగా మేకప్‌తో ముసలివాడు కావడం ఆయనకు కొత్త కాదు. 1983లో ‘సాగర సంగమం’ నాటికి 28 ఏళ్లవాడు, అప్పుడే వయసు మళ్లిన నాట్యకారుడిగా నమ్మించాడు. అయితే తొలి భాగం ముగింపులో యాస్కిన్ ఒంట్లోకి కొత్త సత్తువ వస్తుంది, లేచి గాండీవం ఎత్తుతాడు. రెండో భాగంలో ఆ ముఖం ఎంత వెనక్కి వెళ్తుందన్నది ఇంకా తేలాల్సి ఉంది. యాభై ఏళ్ల కమల్ అయితే ‘భారతీయుడు’ తర్వాతి రోజులు గుర్తున్నవాళ్లు సర్దుకుంటారు. పాతికేళ్లకు తీసుకెళ్తే మాత్రం ఎదురుగా 1978 నాటి ‘మరో చరిత్ర’ బాలు ఉన్నాడు. ఆ కళ్లు నలుపు తెలుపులో, ఏ కంప్యూటరూ ముట్టకుండా, ఇప్పటికీ ఒక తరానికి కంఠస్థం.