గాయాన్ని దాచని గోడలు

పురాతన నగరంలో కొత్త భవనం నిర్మించవలసి వచ్చినప్పుడు వాస్తుశిల్పుల ముందు సాధారణంగా రెండు మార్గాలుంటాయి. చుట్టూ ఉన్న పాత భవనాల పోకడను అనుసరించి, కొత్తదనం కనబడకుండా వాటిలో కలిపివేయడం ఒకటి. పాతదానిని తొలగించి, ఆ చోట నేటి కాలపు కట్టడాన్ని నిలపడం మరొకటి. జర్మనీలోని బెర్లిన్, డ్రెస్డెన్ నగరాలలో మ్యూజియంలను నిర్మించిన డేనియల్ లిబెస్కిండ్ ఈ రెండింటినీ కాదన్నారు. పాత భవనాన్ని ఉన్నచోటనే ఉంచి, దానితో ఏమాత్రం పొసగనట్లు కనిపించే కట్టడాన్ని దానికి జతచేశారు. ఈ సాహసం వెనుక ఉన్న ఉద్దేశం తెలియాలంటే ఆయన నేపథ్యం కొంత తెలియాలి.

లిబెస్కిండ్ 1946లో పోలెండ్ దేశంలోని లోడ్జ్ నగరంలో జన్మించారు. తల్లిదండ్రులు యూదులు. నాజీల మారణకాండలో బంధువులనెందరినో పోగొట్టుకొని ప్రాణాలతో మిగిలినవారు. ఆ కుటుంబం మొదట ఇజ్రాయెల్‌కు, అక్కడినుండి న్యూయార్క్‌కు వలస వెళ్ళింది. బాల్యంలో అకార్డియన్ వాద్యంలో ప్రావీణ్యం సంపాదించిన లిబెస్కిండ్, తరువాత సంగీతాన్ని విడిచి వాస్తుశిల్పాన్ని అభ్యసించారు. ఎన్నో ఏళ్ళు అధ్యాపకుడిగానే గడిపారు. 1989లో బెర్లిన్ యూదు మ్యూజియం నమూనాల పోటీలో విజేతగా నిలిచేనాటికి ఆయన నిర్మించిన చెప్పుకోదగ్గ భవనం ఒక్కటీ లేదు. ఆ సంవత్సరమే భార్య నీనాతో కలిసి బెర్లిన్‌లో తమ నిర్మాణ సంస్థను స్థాపించారు.

అయితే పోటీలో గెలవడం ఒక ఎత్తు, కట్టడం మరొక ఎత్తు. కొద్ది నెలలకే బెర్లిన్ గోడ కూలింది. జర్మనీ ఏకమైంది. ఏకీకరణ వ్యయం మీదపడటంతో 1991లో నగర ప్రభుత్వం ఈ నిర్మాణాన్ని విరమించుకోవాలని తలపెట్టింది. లిబెస్కిండ్ దంపతులు నగరాన్ని విడువక, పట్టుదలతో మద్దతు కూడగట్టారు. చివరకు 1992లో పనులు మొదలయ్యాయి.

1933 నాటికి బెర్లిన్‌లో దాదాపు 1,60,000 మంది యూదులుండేవారు. చాలామంది దేశం విడిచిపోయారు. మిగిలినవారిలో అత్యధికులు హతమయ్యారు. లేనివారిని గురించి చెప్పే మ్యూజియాన్ని ఏ వస్తువులతో నింపాలి? లిబెస్కిండ్ ఆ లేమినే కట్టడంలో భాగం చేశారు. జింకు రేకులు తొడిగిన ఆ భవనం మెరుపుతీగవలె వంకరలు తిరిగి ఉంటుంది. కిటికీలు గోడలపై కత్తి గాట్లను తలపిస్తాయి. ఆ వంకరలను చీల్చుకుంటూ, నేల నుండి పైకప్పు దాకా ఐదు ఖాళీ గదులు ఉన్నాయి. నున్నగా అలంకరించని కాంక్రీటు గోడలు తప్ప వాటిలో ఏ ప్రదర్శనా ఉండకూడదన్నదే వాటి మూల సంకల్పం.

వీధి నుండి ఈ భవనంలోకి ద్వారం లేదు. ప్రక్కనే ఉన్న 1735 నాటి న్యాయస్థాన భవనంలో ప్రవేశించి, మెట్లు దిగి, భూగర్భ మార్గం గుండా రావాలి. పైకి వేర్వేరుగా కనిపించే జర్మన్ చరిత్ర, యూదుల చరిత్ర నేల అడుగున ముడిపడి ఉన్నాయని సందర్శకుడికి నడకలోనే తెలుస్తుంది. క్రింద మూడు దారులు చీలుతాయి. ఒకటి మెట్ల మీదుగా ప్రదర్శనలకు చేరుతుంది. ఒకటి చల్లని, చీకటి గోపురంలో ఆగిపోతుంది. అక్కడ పైనుండి సన్నని వెలుగురేఖ మాత్రమే పడుతుంది. మూడవది ప్రవాసుల తోటకు చేరుతుంది. ఏటవాలు నేలపై 49 కాంక్రీటు స్తంభాలు, వాటి శిరస్సులపై చెట్లు. నలభై ఎనిమిదింటిలో బెర్లిన్ మట్టి, ఒక్కదానిలో జెరూసలెం మట్టి. వాటి మధ్య నడిచేవారికి కాలు నిలవదు, కళ్ళు తిరుగుతాయి. పరాయి నేలపై అడుగుపెట్టినవాని స్థితిని ఇంతకంటె సూటిగా చెప్పే పలక ఏ మ్యూజియంలో ఉంటుంది?

1999లో భవనం పూర్తయింది. ప్రదర్శనలు ఏర్పాటు కాకమునుపే లక్షలాది జనం ఆ ఖాళీ భవనాన్ని చూసి వెళ్ళారు. 2001లో మ్యూజియం లాంఛనంగా ప్రారంభమైన పిదప, వస్తువులు లేనప్పుడే అది ఎక్కువ మాట్లాడిందని విమర్శించినవారున్నారు. ఆ మాటను తేలికగా త్రోసిపుచ్చలేము. వాలు గోడల మధ్య వస్తువులను అమర్చడం కూడా కష్టమే.

డ్రెస్డెన్‌లో ఆయన మరింత తెగించారు. అక్కడి సైనిక చరిత్ర మ్యూజియం 19వ శతాబ్దంలో ఆయుధాగారంగా కట్టిన భవనం. దాని మధ్యగా ఉక్కు, గాజు, కాంక్రీటులతో ఐదంతస్తుల చీలను దింపారు. కట్టెను చీల్చే చీల వంటిదే ఆకారం. సౌష్ఠవంగా సాగే ముఖభాగాన్ని అది నడుమ తెంచివేస్తుంది. 2011లో ప్రారంభమైన ఈ మ్యూజియంలో పాత భాగంలో యుద్ధ చరిత్ర కాలక్రమంలో ఉంటుంది. చీల లోపల ఆ క్రమం తెగిపోయి, హింస మనిషిని ఏం చేస్తుందన్న ప్రశ్న ముందుకు వస్తుంది.

ఈ నిర్ణయం బరువు తెలియాలంటే అదే నగరంలోని మరో కట్టడాన్ని చూడాలి. 1945 ఫిబ్రవరి 13 రాత్రి మొదలైన బాంబు దాడులలో సుమారు 25,000 మంది మరణించారు. ఫ్రావెన్‌కిర్షె అనే సుప్రసిద్ధ చర్చి కుప్పకూలింది. దశాబ్దాల తరువాత దానిని, దొరికిన పాత రాళ్ళను కూడా వాడి, పూర్వరూపంలోనే పునర్నిర్మించి 2005లో పూర్తిచేశారు. పోగొట్టుకున్నదానిని తిరిగి పొందాలన్న కోరిక ప్రజలకు సహజం; దానిని తప్పనలేము. కాని సైన్యానికి చెందిన భవనం కూడా ఏమీ జరగనట్లు నిలబడితే చరిత్ర కథ సగంలోనే ఆగుతుంది. నాటి దాడి ఏ వైపు మొదలైందో, ఆ వైపుకే చీల మొన చూపుతుంది. దాని పై అంతస్తులోని వేదికపై నిలిచినవారికి లోహపు పట్టీల సందుల నుండి, తిరిగి లేచిన డ్రెస్డెన్ నగరం కనిపిస్తుంది.