పొద్దున్నే చేతులు బిగుసుకుపోతున్నాయా?



కీళ్ళ నొప్పులనగానే మనం "ఏదో వాతం చేసిందిలే" అని ఒక్కమాటలో తేల్చేస్తాం. ఇంత అమృతాంజనం రాసుకుని, వేణ్ణీళ్ళ కాపడం పెట్టుకుని, వంకాయ మానేసి ఊరుకుంటాం. ఇంటిపని ఆగదు కదా! కాని వాతం అని మనం పిలిచేది ఒక్క జబ్బు కాదు. ఆ పేరు కింద వందకు పైగా జబ్బులున్నాయి. కొన్ని ఓర్చుకుంటే గడిచిపోయేవి, కొన్ని ఓర్చుకున్నకొద్దీ కీలును తినేసేవి. ఏది ఏదో గుర్తుపట్టడం ఎలాగో ఈవేళ చెప్పుకుందాం.

యాభై దాటినవాళ్ళలో ఎక్కువగా కనిపించేది మోకాళ్ళ అరుగుదల. ఎముకల చివర నున్నగా ఉండే మృదులాస్థి పలచబడుతుంది. మెట్లెక్కితే నొప్పి, కూర్చుంటే ఉపశమనం. పొద్దున్న లేవగానే ఉండే బిగువు అరగంట లోపే వదులుతుంది. బరువు తగ్గడం, తొడ కండరాలకు బలమిచ్చే వ్యాయామం దీనికి మంచి మందులు. మరీ అరిగిపోతే కీలు మార్పిడి చేస్తారు.

కాలి బొటనవేలు రాత్రికి రాత్రి ఎర్రగా వాచి, దుప్పటి తగిలినా ఓర్చుకోలేనంత నొప్పి వస్తే అది గౌటు కావచ్చు. రక్తంలో యూరిక్ ఆమ్లం పెరగడం వల్ల వస్తుంది. మగవాళ్ళలో ఎక్కువ. 2006లో మన రాష్ట్రాన్ని పట్టి కుదిపిన చికున్‌గున్యా గుర్తుందా? జ్వరం పోయినా నెలల తరబడి కీళ్ళు పట్టేసినవాళ్ళు ప్రతి వీధిలోనూ ఉండేవారు. పెద్ద అంబర్‌పేట దాటి విజయవాడ రోడ్డున నల్లగొండ జిల్లాలోకి వెళితే, ఫ్లోరైడు నీళ్ళు తాగి నడుమూ మెడా బిగుసుకుపోయిన పెద్దవాళ్ళు కనిపిస్తారు. అది మరో సంగతి. చూశారా, నొప్పి ఒకటే, కారణాలు ఎన్నో!

ఇక అసలు మనం భయపడవలసినది, అంటే సమయానికి పట్టుకోవలసినది, కీళ్ళవాతం. డాక్టర్లు రుమటాయిడ్ ఆర్థ్రయిటిస్ అంటారు. ఇది మగవాళ్ళకన్నా ఆడవాళ్ళకు రెండు మూడు రెట్లు ఎక్కువ. వయసుతో పనిలేదు, ముప్ఫయ్యేళ్ళకే రావచ్చు. రోగాలనుంచి మనల్ని కాపాడవలసిన రక్షణశక్తే దారి తప్పి, కీలు లోపలి పొరమీద దాడి చేస్తుంది. ఆ పొర వాచి, మెల్లగా ఎముకను కొరుకుతుంది.

గుర్తులు మన చేతుల్లోనే ఉన్నాయి. వేళ్ళ కణుపులు, మణికట్లు రెండు వైపులా వాస్తాయి. నిన్నటిదాకా వదులుగా ఉన్న ఉంగరం ఈవేళ కణుపు దాటదు. పొద్దున్నే పాలప్యాకెట్టు కత్తిరించడానికి, జడ వేసుకోవడానికి చేతులు సాగవు. ఆ బిగువు గంటసేపైనా వదలదు. ఆరు వారాలైనా ఇలాగే ఉంటే "పనెక్కువై" అని సరిపెట్టుకోకండి. రక్తపరీక్షలున్నాయి కాని, ఆర్.ఎ. ఫ్యాక్టరు లేదని వచ్చినంతమాత్రాన జబ్బు లేదని కాదు. ఉందని వచ్చినా జబ్బు ఉందని కాదు. చేతులు పట్టి చూసే డాక్టరే నిర్ణయించాలి.

దీనికి మందు ఉంది. ఆ మందులో మన తెలుగువాడి చెయ్యి ఉంది! భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో లెడర్లీ సంస్థలో పరిశోధనలకు నాయకత్వం వహించారు. ఆయన బృందం రక్తకాన్సరు కోసం తయారుచేసిన మందుల్లో ఒకటి మెథోట్రెక్సేట్. ఆయన 1948లో కన్నుమూశారు. నలభై ఏళ్ళ తర్వాత, 1988లో, ఆ మందును చాలా తక్కువ మోతాదులో కీళ్ళవాతానికి వాడటానికి అమెరికాలో అనుమతి వచ్చింది. ఈనాడు ప్రపంచమంతటా కీళ్ళవాతానికి మొదట ఇచ్చే మందు అదే.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కరోజే వేసుకోవాలి. పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. సోమవారమో, గురువారమో, వారం పేరు మందు పెట్టెమీద పెద్దక్షరాలతో రాసిపెట్టుకోండి. ఫోలిక్ యాసిడ్ బిళ్ళ డాక్టరు చెప్పిన వేరే రోజున వేసుకోవాలి. రక్తం, కాలేయం పరీక్షలు తప్పకూడదు. బిడ్డను కనాలనుకునేవాళ్ళు ముందే డాక్టరుకు చెప్పాలి. కడుపుతో ఉన్నప్పుడు ఈ మందు పనికిరాదు. గుణం కనిపించడానికి ఆరు నుంచి పన్నెండు వారాలు పడుతుంది. "నెలైనా తగ్గలేదు" అని మానేయకండి. దీనితో లొంగకపోతే వేరే మందులూ, ఖరీదైన ఇంజెక్షన్లూ ఉన్నాయి.

మరి ఒక్కరోజులో నొప్పి మాయం చేసే పేరులేని పొడులు, బిళ్ళల సంగతి? చాలావాటిలో స్టెరాయిడ్ కలుపుతారు. 1948లో కార్టిజోన్‌తో మంచంపట్టినవాళ్ళు లేచి నడిస్తే లోకం ఆశ్చర్యపోయింది. 1950లో నోబెల్ బహుమతీ వచ్చింది. తర్వాతే తెలిసింది, ఎక్కువకాలం వాడితే ముఖం ఉబ్బుతుంది, చక్కెర పెరుగుతుంది, ఎముకలు గుల్లబారతాయి. డాక్టరు చేతిలో అది మంచి పనిముట్టే, కొద్దిరోజులకు. ఇప్పటికే వాడుతున్నవాళ్ళు మాత్రం ఉన్నట్టుండి మానకూడదు. డాక్టరే మెల్లగా తగ్గించాలి.

పిల్లల విషయం కూడా మరవకండి. గొంతునొప్పి వచ్చిన రెండు మూడు వారాలకు జ్వరంతో ఒక కీలు తర్వాత ఇంకో కీలు వాస్తే అది రుమాటిక్ జ్వరం కావచ్చు. కీళ్ళు బాగవుతాయి, గుండె కవాటాలు చెడవచ్చు. మూడు నాలుగు వారాలకొకసారి పెన్సిలిన్ ఇంజెక్షన్ ఏళ్ళతరబడి తప్పకుండా వేయించాలి.

ఇంట్లో ఏం చేయాలి? వాపున్నప్పుడు కీలుకు విశ్రాంతి, తగ్గాక రోజూ కదలిక. తడిబట్టలు మెలిపెట్టి పిండకండి, అలాగే ఆరవేయండి. గిన్నె వేళ్ళతో కాక రెండు అరచేతులతో ఎత్తండి. వంకాయ, చింతపండు మానేస్తే ఈ జబ్బు పోదు. పొగ మాత్రం హాని చేస్తుంది.

పెద్ద అంబర్‌పేటలాంటి చోట ఉన్నవాళ్ళకు పెద్దాసుపత్రి దూరమనిపిస్తుంది. ఎల్బీనగర్ వచ్చి మెట్రో ఎక్కితే పంజాగుట్టలో దిగవచ్చు. అక్కడ నిమ్స్‌లో ఈ జబ్బులకు ప్రత్యేక విభాగమే ఉంది. ఒకపూట పోతుంది, నిజమే. కాని కొరికేసిన ఎముకను ఏ మందూ తిరిగి తేలేదు. ఇంటిల్లిపాదికీ వండి వడ్డించే చేతులవి. వాటికోసం ఆ ఒక్కపూట కేటాయించుకోండి.